మూడు సెకన్ల మస్టర్

పోయిన వారం నవీనను శ్రీరాంపూర్ చౌరస్తాలో బస్సు దింపి, మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులూ ఆమె అక్కడే మాడిపోతోందని మీరు బెంగపడి ఉంటే ఆ తప్పు మాదే. అసలు ఆమె కరీంనగర్ నుంచి మూడు గంటలు బస్సులో కుదిపించుకుని ఎందుకొచ్చిందో మరచిపోయిన వాళ్లకోసం నాలుగు మాటలు చెప్పి, ఆమెను నీడకు తీసుకెళ్దాం.

నవీనది సిరిసిల్ల, మరమగ్గాల ఇంటి పిల్ల. కరీంనగర్‌లో మంకమ్మతోట వెనక ఒక గదిలో ఒక్కతే ఉంటూ ఒక వెబ్‌సైట్ నడుపుతోంది. బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరైన వాళ్ల మాటలు రికార్డు చేసి, పక్కన వాళ్ల కథ రాసి అందులో పెడుతుంది. ఇప్పటికి నలభై మూడు గొంతులు చేరాయి. ఖర్చు పెట్టుకునేది సుధాకర్ అనే గ్రానైట్ వ్యాపారి. ఆయనది ఒకటే షరతు. ఈ నెలాఖరుకు సైట్‌కు రోజుకు మూడు వందల మంది వస్తే ఇంకో రెండేళ్లు నడుపుతాడు, రాకపోతే మూసేస్తాడు. ఆ నెల రేపటితో అయిపోతుంది.

రెండు నెలల కిందటి దాకా ఇరవై దాటని అంకె పెరుగుతూ పెరుగుతూ మూడు వందల నలభై ఒకటికి చేరింది. నవీన సంబరం ఇంతా అంతా కాదు. ఆ గదిలో ఆమెతో మాట్లాడే మనిషి లేడు. పొద్దున లేవగానే ఫోన్‌లో ఆ అంకె చూసుకుంటే, తలుపు తీయగానే వాకిట్లో చుట్టాలు దిగినట్టు ఉండేది. ఆమె పుట్టినరోజున రెండు వందల పన్నెండు మంది వచ్చారు. ఆ రోజు బగారన్నం వండుకుని, ఫోన్‌ను గోడకు ఆనించి పెట్టుకుని, దానికి ఎదురుగా కూర్చుని తిన్నది. అది పిచ్చిపని అని ఆమెకు తెలుసు. తెలిసే చేసింది.

ఇంకో సంగతి. పొద్దున ఆరున్నరకు ఒకసారి, మధ్యాహ్నం రెండున్నరకు ఒకసారి ఆ లెక్క గీత నిటారుగా లేచేది. షిఫ్టు బస్సు కోసం నిలబడ్డ కార్మికులు చదువుతున్నారనుకుంది. వాళ్లకోసమని కథలు చిన్నవి చేసింది, అక్షరాలు పెద్దవి చేసింది. మొన్న శనివారం సుధాకర్‌కు లెక్క పంపడానికి కూర్చుని, అంతవరకూ తెరవని ఒక పట్టిక తెరిచింది. వచ్చినవాళ్లు ఎంతసేపు ఉన్నారో చెప్పే పట్టిక అది. శ్రీరాంపూర్ నుంచి వచ్చినవాళ్లు మూడు వందల ఇరవై రెండు మంది. ఒక్కొక్కరూ ఉన్నది మూడు సెకన్లు. మూడు సెకన్లలో కథ పేరు కూడా సరిగా చదవలేరు. ఆ మూడు సెకన్ల సంగతేమిటో కళ్లారా చూడాలని వచ్చింది నవీన.

షిఫ్టు బస్సులు ఆగే చోట రాజక్క మిర్చీల బండి ఉంటుంది. రికార్డింగులకు వచ్చినప్పుడల్లా నవీన తిన్న బండే. ఆమె అక్కడికి చేరేసరికి రెండుంబావు అయింది. బండి పక్కన, పొడుగాటి నోట్‌బుక్ చేత్తో పట్టుకుని, చెవి మీద పెన్ను పెట్టుకుని బుచ్చిరాములు నిలబడి ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లు గనిలో పనిచేసి నాలుగేళ్ల కిందట రిటైరైన మనిషి. భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు. నవీన సైట్‌లో మొట్టమొదటి గొంతు ఆయనదే.

టిఫిన్ డబ్బాలు పట్టుకుని కార్మికులు ఒక్కొక్కరే వస్తున్నారు.

"గంగయ్యా, మస్టర్!"

గంగయ్య అనే మనిషి జేబులోంచి ఫోన్ తీశాడు, వేలితో ఒకసారి తాకి నవీన సైట్ తెరిచాడు, ముసలాయన ముఖానికి చూపించాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. బుచ్చిరాములు నోట్‌బుక్‌లో టిక్కు కొట్టాడు.

"మల్లన్నా, నిన్న నాగా పెట్టినవ్!"

"నిన్న నెట్ లేకుండె రాములన్నా."

"నెట్ లేకుంటె నా ఫోన్‌ల ఉన్నది గద. అడుగాలె. నోట్లె నాలుక లేదా?"

గనుల్లో హాజరును మస్టర్ అంటారు. ఏడాదికి ఇన్ని మస్టర్లు పడాలని లెక్క. పడకపోతే ఉద్యోగానికే ఎసరు. గని మనిషికి అన్నం తర్వాత అంత ముఖ్యమైన మాట ఇదే.

మూడు వందల ఇరవై రెండు మంది పాఠకుల్లో సగం మంది నవీన కళ్లముందే వచ్చి, కళ్లముందే పోతున్నారు. వాకిట్లో దిగిన చుట్టాలు వీళ్లేనన్నమాట. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవడానికి అక్కడ చోటు లేదు కనుక ముందుకు నడిచింది.

"ఎవలూ, నవీనా? ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? జర ముందుగాల ఫోన్ చెయ్యొద్దా?" అంటుంటే బుచ్చిరాములు ముఖం వెలిగిపోయింది. "రాజక్కా, బిడ్డకు నాలుగు మిర్చీలెయ్యి."

"కాకా, గీ నోట్‌బుక్ ఏంది?"

"మస్టర్ బుక్కు. నీ సైట్‌దే!" పెళ్లికార్డు చూపించినట్టు తెరిచి చూపించాడు. "పొద్దుగాల షిఫ్టుకు నూటా డెబ్బై, మాపటి షిఫ్టుకు నూటా యాభై దాంక పడుతున్నయి. రాత్రి షిఫ్టుకు మోకాళ్లు నొస్తున్నయని పోతలే. గది సుత చేద్దునా?"

"నిన్ను గిట్ల చెయ్యమని ఎవరు చెప్పిండ్రు కాకా?"

"నువ్వే గద చెప్పినవ్!" ముసలాయన ఆశ్చర్యపోయాడు. "నా మాట రికార్డు చేసిన్నాడు, గిది ఎన్నొద్దులుంటది బిడ్డా అని అడిగిన. రోజు ఎంతమంది వస్తరో లెక్క పడుతది కాకా, లెక్క తక్కువైతె బంద్ జేస్తరు అన్నవ్. మస్టర్లు తక్కువైతె ఎట్ల తీసేస్తరో నాకు తెల్వదా? నువ్వు గా కరీంనగర్‌ల ఒక్కదానివి ఏం చేస్తవని, నేనే సురూ చేసిన."

నవీన కోపంతో వచ్చింది. బస్సులో మూడు గంటలు ఆ కోపాన్ని జాగ్రత్తగా మోసుకొచ్చింది. ఇప్పుడు దాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు.

"వీళ్లు చదువుతున్నరా కాకా? ఒక్కరన్న చదివిండ్రా?"

"చదువుడు వేరే ముచ్చట. మనిషి వచ్చిండు, చెయ్యి పెట్టిండు, పోయిండు. మస్టర్ పడ్డట్టే. నేను ముప్పై నాలుగేండ్లు దిగిన. మస్టర్ పడ్డదా లేదా గంతే అడిగిండ్రు."

"నువ్వు నింపిన టబ్బులు ఎంచలేదా మరి? మస్టర్లు నిండుగ పడ్డయి గాని, ఒక్క టబ్బు బొగ్గు సుత పైకి రాలేదనుకో. దాన్నేమంటరు కాకా?"

మిర్చీలు నూనెలో చిటపటలాడుతున్నాయి. బుచ్చిరాములు నోట్‌బుక్ మూశాడు. చెవి మీద పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు.

"దొంగ మస్టర్ అంటరు," అన్నాడు చివరికి.

ఆ మాట ఆయన నోటితోనే అనిపించినందుకు నవీన తనను తాను తిట్టుకుంది. మిర్చీల పొట్లం చేతిలో కాలుతోంది కానీ తినబుద్ధి కాలేదు.

"అయితె అసలు మస్టర్లు ఎన్ని బిడ్డా?"

"పంతొమ్మిది."

"పంతొమ్మిదా?"

"అందుల సగం మంది తొవ్వ తప్పి వచ్చినోళ్లే."

ముసలాయన ఆమెను కిందినుంచి మీదికి చూశాడు. "పంతొమ్మిది మంది కోసం నువ్వు గా అర్రల ఒక్కదానివి కూసుంటున్నవా?"

ఈ ప్రశ్న ఇంతవరకూ ఆమెను ఎవరూ అడగలేదు. సిరిసిల్లలో అవ్వ అడిగేది పెళ్లి సంగతి, సుధాకర్ అడిగేది అంకె. నవీన తనకు తానే ధైర్యం చెప్పుకుంటున్నట్టు అన్నది.

"ఒక్కరు మాత్రం నిజంగ ఉన్నరు కాకా. రోజు వస్తరు, నీ పేజీకే. నీ మాట పదకొండు నిమిషాలు గద, మొత్తం వింటరు. ఏడో నిమిషం కాడికి వచ్చినంక ఎనుకకు పోయి మళ్ల వింటరు."

"ఎవలు?"

"పేరు తెల్వది. ఊరు మాత్రం ఇచ్చోడ అని చూపెడుతది."

రాజక్క చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది. "ఇచ్చోడనా? రాములన్నా, మా తమ్ముని కొడుక్కు మీ సిద్ధు కనవడ్డది ఇచ్చోడలనే గద? హైవే మీద టైర్ల దుకాణంల..."

"రాజక్కా, నువ్వు ఊకో."

"ఎన్నేండ్లు ఊకోవాలె? ఈ పిల్లకన్న చెప్పు. నువ్వు చెప్పకుంటె నేను చెప్త."

బుచ్చిరాములు బండి పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. సిద్ధు ఆయన కొడుకు, ఒక్కగానొక్క కొడుకు. రికార్డింగులో పదకొండు నిమిషాలు గని గురించీ, నీళ్ల గురించీ, చచ్చిపోయిన స్నేహితుల గురించీ చెప్పిన మనిషి కొడుకు ఊసే ఎత్తలేదు. నవీన అడగనూ లేదు.

"జబ్బుతోని పని చేతకాదని డాక్టర్లు రాస్తె, నౌకరి కొడుకుకు వస్తది. తెలుసు గద?" అన్నాడు ఆయన, నేల చూస్తూ. "ఆరేండ్ల కింద గా ముచ్చట వచ్చింది. సిద్ధుకు ఎక్కడ నౌకరి దొరుకుతలేదు. బాపూ, డాక్టర్ల ముందట జర దగ్గు, గంతే చాలు అన్నడు. నాకు అప్పుడు ఏ రోగం లేకుండె. లేని దగ్గు నేను దగ్గ అన్న. మూడు దినాలు బతిమిలాడిండు. నాలుగో దినం సంచి పట్టుకున్నడు. నా కోసం ఒక్కసారి దగ్గలేకపోయినవ్ బాపూ అని, గా మాట అని పోయిండు. మళ్ల రాలే."

చెప్పడం అవుతూనే ఆయనకు దగ్గు తెర వచ్చింది. మామూలు దగ్గు కాదు. బల్ల అంచు పట్టుకుని, మెడ నరాలు పొంగేలా దగ్గాడు. రాజక్క చెంబుతో నీళ్లిచ్చింది. షిఫ్టుకు వచ్చినవాళ్లు కాసేపు మాటలాపి ఇటు చూశారు.

"గీ దగ్గు ఎప్పటి సంది కాకా?"

"రెండేండ్లయింది. దిగిపోయినంక పట్టుకున్నది." నీళ్లు తాగి మూతి తుడుచుకుని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఇప్పుడెంత దగ్గినా ఎవలికేం లాభం?"

"దవాఖానల చూపిచ్చినవా?"

ఆయన ఆ మాట విననట్టే ఉండిపోయాడు. "గా సుధాకర్ సారుకు ఎంతని రాస్తవ్ బిడ్డా?" అన్నాడు.

నవీన పొద్దుటినుంచీ తప్పించుకుంటున్న చోటికి ముసలాయన నేరుగా వచ్చేశాడు. "మూడు వందల నలభై ఒకటి రాస్తె సైట్ ఉంటది కాకా. నీ పేజీ ఉంటది. ఇచ్చోడల వినేటోళ్లకు వినేతందుకు ఉంటది. పంతొమ్మిది రాస్తె రేపే బంద్."

"పంతొమ్మిది రాయి."

"కాకా, అది సిద్ధు అయితె? నీ గొంతు వినేతందుకు ఆయనకు గదొక్కటే ఉన్నది."

బుచ్చిరాములు చేతిలోని నోట్‌బుక్‌ను ఒకసారి చూసుకున్నాడు. బస్సు మూలమలుపు తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"కడుపుల పుట్టినోని కోసమే లేని దగ్గు దగ్గలే. ఇప్పుడు లేని మస్టర్ రాయిస్తె, వాన్ని ఉత్తగనే ఎళ్లగొట్టినట్టే గద బిడ్డా? రాయి. పంతొమ్మిదే రాయి."

నోట్‌బుక్ ఆమె చేతిలో పెట్టి లేచి, ఇంటివైపు నడిచాడు. బస్సు వచ్చి ఆగింది. ఆలస్యంగా పరుగెత్తుకొచ్చిన ఒకతను ఫోన్ పైకెత్తి, "రాములన్నా, నా మస్టర్!" అని కేక పెట్టాడు. ముసలాయన వెనక్కి తిరగలేదు. అతను రాజక్కను చూశాడు, నవీనను చూశాడు, ఏం జరిగిందో అర్థంకాక బస్సెక్కాడు.

మంచిర్యాలలో కరీంనగర్ బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు. నవీన నోట్‌బుక్ తెరిచింది. ఊరికే టిక్కులే ఉంటాయనుకుంది కానీ పేర్ల పక్కన ముసలాయన చిన్న చిన్న మాటలు రాసుకున్నాడు. ఒకచోట 'బిడ్డ పెండ్లి, అడుగాలె'. ఇంకోచోట 'కాలుకు దెబ్బ, వారం రాడు'. మరోచోట 'కోపం మీదున్నడు, రేపు'. మూడు వందల ఇరవై రెండు పేర్లు. అన్నిటినీ ఆయన నోటితో పిలిచాడు, అందరూ ఆయనకు పలికారు. నవీనకు ఆ ముసలాయన మీద అసూయ కలిగింది. ఆమె ఫోన్‌లోని మూడు వందల నలభై ఒకటిలో ఒక్కరి పేరూ ఆమెకు తెలియదు.

మొదటి పేజీలో తేదీ ఉంది. మస్టర్ మొదలైన రోజు. ఫోన్‌లో వెతికితే ఇచ్చోడ మనిషి మొదటిసారి వచ్చింది సరిగ్గా ఆ తర్వాతి వారం. జేబుల్లో పెట్టుకుపోయిన మూడు వందల ఫోన్లలో ఏదో ఒకటి ఎవరికో చూపించి ఉంటుంది, వాళ్లు ఇంకెవరికో పంపి ఉంటారు. దొంగ మస్టర్లే ఆ ఒక్కరినీ తీసుకొచ్చాయి. ఈ సంగతి ఏ లెక్కలో రాయాలో ఆమెకు తెలియలేదు.

సుధాకర్‌కు ఒకే అంకె పంపింది. నిమిషంలో ఫోన్ మోగింది.

"నవీనా, ఎనుక ఒక సున్న మర్చిపోయినట్టున్నవ్ అమ్మా. అప్పటికీ నూటా తొంభయ్యే అయితది. ఏంది కథ?"

కథ చెప్పింది. ఆయన ఓపికగానే విన్నాడు.

"అయితేంది? వచ్చిండ్రా లేదా? టికెట్ తెంపినంక లోపల నిద్రపోయిండా, సినిమ చూసిండా అని హాలోడు అడుగుతడా? నువ్వు మూడు వందల నలభై ఒకటి అని రాసి పంపు. నేను ఏమన్న అంటున్ననా?"

"పంతొమ్మిదే సార్."

"మళ్లొకసారి ఆలోచించుకో."

"ఆలోచించిన సార్."

"సరే. రేపు సాయంత్రం ఆరు గంటలకు తీసేపిస్త. నీ సామాను ఏమన్నుంటె అంతలోపల దించుకో."

గోదావరి వంతెన వచ్చింది. పక్క సీటులో ఆవిడ ఒళ్లో మూట పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది. బస్సు నిండా జనమే, అయినా గదిలో ఉన్నట్టే ఉంది నవీనకు. రేపటినుంచి పొద్దున లేచి దేన్ని చూసుకోవాలి? చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బుచ్చిరాములు పేజీ తెరిచి, ఏడో నిమిషం దగ్గర పెట్టింది.

గనిలో నీళ్లు పొంగిన రోజు గురించి చెబుతున్నాడు. మాట మధ్యలో ఆగింది. దగ్గు. ఇవాళ బల్ల మీద చూసిన దగ్గే. "జర ఆగు బిడ్డా" అన్న మాట, గ్లాసు చప్పుడు, మళ్లీ దగ్గు. రికార్డింగు శుభ్రం చేసేటప్పుడు ఆ ముక్క కోసేద్దామనుకుంది, బద్ధకించి వదిలేసింది. ఇచ్చోడలో ఒక మనిషి రోజూ వెనక్కి తిప్పి తిప్పి వింటున్నది నీళ్ల కథ కాదు, ఈ దగ్గు.

అప్పుడే ఫోన్ చిన్నగా మోగింది. ప్రతి పేజీ అడుగునా 'మీ మాట' అని ఒక గడి పెట్టింది నవీన. ఇన్నాళ్లలో అందులో ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు. ఇప్పుడు బుచ్చిరాములు పేజీ కింద, పేరు లేకుండా, రెండు వరుసలు ఉన్నాయి.

'ఏడో నిమిషం కాడ దగ్గిండు. గది నిజం దగ్గేనా? నిజమైతె ఎప్పటి సంది? దవాఖానకు ఎవరన్న తోలుకపోయిండ్రా?'

జవాబు రాసే చోట గీత మిణుకుమిణుకుమంటోంది. ఏమని రాయాలి? నిజమే అంటే ఆ కొడుకు గుండె ఏమవుతుంది? అబద్ధమంటే ఆ తండ్రి ఏమవుతాడు? పేజీ మూలన, ఈ క్షణంలో ఆమె కాక పేజీ మీద ఇంకెందరున్నారో చూపే చిన్న అంకె ఉంటుంది. ఆమె ఎప్పుడు చూసినా అక్కడ సున్నాయే ఉండేది.

ఇప్పుడు ఒకటి ఉంది. మూడు సెకన్లు దాటాయి. మూడు నిమిషాలు దాటాయి. వంతెన అయిపోయింది, బస్సు రామగుండం వైపు తిరిగింది. ఆ ఒకటి అలాగే ఉంది.